మంథని ప్రాంతమున కూరగాయల సేద్యము

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మంథని యనగానే లోకులకు వేదఘోషయు, గోదావరీస్నానమును స్ఫురించును. ఆ పండితులకును, యాత్రికులకును నిత్యము కూర సమకూర్చిన తోటవారిని తలచువా రరుదు. వారి కష్టమునుగూర్చి నాలుగు మాటలు విన్నవించుటకే మేము నిలిచినారము.

వంగ, బీర, కాకర, చిక్కుడు మన నేలకు ప్రాచీనములు. మిరప, టమాటా అమెరికాఖండమున పుట్టి, 1498లో పోర్చుగీసువారు సముద్రమార్గమున వచ్చిన పిమ్మట మన దేశమున చేరినవి. పరదేశపు విత్తనమని మన పెద్దలు వానిని త్రోసివేయలేదు.

పూర్వము ఎద్దులజత మోటతోలుచు బావినీరు చేదెడివారము. వరిమడికి నీరు నిలువవలెను. కూరమడికి తడి చాలును. కావున కొలదిపాటి నేలగల కుటుంబమునకు తోటయే జీవనాధారమయ్యెను. కలుపుతీసి, కాయకోసి, గంపనెత్తి అంగడికి మోసినవారు మన స్త్రీలే.

నిజాము పాలనలో ఊరికి విడిదిచేయవచ్చిన అధికారులకు కూరగాయలు వెట్టిగా నీయవలసియుండెను. పంటయుండియు ధర లేదు. 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘము వెట్టిపై పోరాడెను. 1930లో జోగిపేటలో ఆరంభమైన ఆంధ్రమహాసభ యా పని కొనసాగించెను. దాని నాలుగవ సమావేశము 1935లో నాటి మన కరీంనగరు జిల్లా సిరిసిల్లలోనే జరిగెను. 1948లో నిజాము పాలన ముగిసెను.

తరువాత విద్యుత్తుపంపు మోటను తొలగించెను. గోదావరిఖని గనులును, 1983లో విద్యుదుత్పత్తి నారంభించిన రామగుండము కేంద్రమును సమీపముననే వేలకొలది కొనుగోలుదారులను సమకూర్చినవి. నీరు వచ్చెను, బేరము వచ్చెను. ధర మాత్రము మన చేతికి రాలేదు. ధాన్యమును, పత్తిని కొన్నాళ్లు దాచవచ్చును. వేకువను కోసిన కూర సాయంకాలమునకు వాడును. అందుచేతనే తోటవాడు దళారి యడిగిన ధరకు తలయొగ్గుచున్నాడు. 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారులు ఈ చిక్కునకు విరుగుడు చూపినవి; తనంత తాను బజారుచేరలేని చిన్నరైతునకు ఆ మేలు అందుట కష్టము.

ఏరు మనకు బలమును, భయమును గూడ. 2022 జూలై వరదలో గోదావరి మంథని పట్టణములోనికే ప్రవేశించెను. ఒక్క రాత్రి నీట మునిగిన తోటకు ఏడాది కష్టము బలియగును.

కావున దాతలకు మా విన్నపము మూడు విధములు: సరకు చేర్చుటకు ఉమ్మడి బండి యొకటి, కూర నిలుపుటకు చిన్న శీతలగిడ్డంగి యొకటి, వరదబాధితులకు విత్తననిధి యొకటి. వెట్టి పోయి ఏడు దశాబ్దములు దాటెను. ఇక ధర చెప్పు నోరు తోటవానిది కావలెను. ఇందుకు సంఘము పూనుకొనునని నమ్ముచున్నారము.