మడచెట్టు నాటడమూ సదఖా జారియాయే

సమస్త స్తోత్రాలకూ అర్హుడు సర్వలోకాల పోషకుడైన అల్లాహ్ మాత్రమే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) గారిపై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మన కపిలేశ్వరపురం చెంత పారే గౌతమీ గోదావరి యానాం మీదుగా సముద్రాన్ని చేరుతుంది. ఆ ముఖద్వారాన కోరంగి మడ అడవులున్నాయి. రొయ్య, పీత, పండుగప్ప పిల్లలు పెరిగేది ఆ వేళ్ల నడుమనే. ఉప్పెన ఉధృతిని తగ్గించేదీ ఆ చెట్లే. 1996 నవంబరు 6 నాటి తుఫాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన సంగతి మన పెద్దలు మరువలేదు. నేలపైనా నీటిపైనా వ్యాపించిన చెరుపు మానవుల చేతల ఫలితమేనని అర్‌రూమ్ సూరా హెచ్చరిస్తున్నది.

కోరంగిని ప్రభుత్వం 1978లో అభయారణ్యంగా ప్రకటించింది. అయితే కట్టెలకూ వేటకూ ఆ అడవినే నమ్ముకున్న పేదవాని పొయ్యి ఆరిపోతే అడవి నిలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీశాఖతో, గ్రామ సంఘాలతో కలిసి, ఉప్పు పేరుకొని ఎండిన చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి మొక్కలు నాటించింది. ఆటుపోట్ల నీరు పారి చెట్లు మళ్లీ పెరిగాయి. స్థానికులు పాలుపంచుకోనిదే ఇటువంటి పని నిలబడదు.

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ప్రభుత్వ భృతి అందినా చాలని కుటుంబాలు వ్యాపారి వద్ద బయానా తీసుకుంటాయి. ఆపై పట్టిన చేపను అతడు చెప్పిన ధరకే అప్పగించవలసి వస్తుంది.

సోదరులారా! ఇక్కడ మన ధనం ఏ మార్గాన వెళ్లాలి?

జకాత్‌కు ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలను నిర్ణయించింది. మన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అది అర్హుడైన ముస్లిం పేదవాని సొంతం కావాలి. కాలువ తవ్వకానికీ, మొక్కల పెంపకానికీ దానిని వాడరాదు. ఆ పనులకు నఫిల్ సదఖా ఉన్నది. దానికి మతభేదం లేదు. తీరాన వల వేసే మన హైందవ సోదరునికీ అది చెల్లుతుంది. నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా నాటినవానికి సదఖా పుణ్యం లభిస్తుందని దైవప్రవక్త బోధించారు.

వేట నిషేధ కాలానికి ఖర్జె హసనా ఉత్తమం. వడ్డీ లేని ఆ అప్పు తీరగానే మరొక ఇంటికి చేరుతుంది. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఖైబర్ భూమి విషయమై సలహా కోరినప్పుడు, అసలును నిలిపి ఫలాన్ని దానం చేయమని దైవప్రవక్త సూచించారు. మన విరాళానికీ అదే ఆదర్శం కావాలి.

కనుక మస్జిదు బైతుల్‌మాల్‌లో దీనికొక ప్రత్యేక ఖాతా తెరుద్దాం. ఏ పని ముందో తీరవాసులే నిర్ణయించాలి. ప్రతి రూపాయి లెక్కా అందరికీ కనబడాలి. అది అమానత్, ప్రళయదినాన ప్రశ్న తప్పదు.

ఓ అల్లాహ్! మా సంపాదనను పరిశుద్ధం చేయి. మా దానాన్ని స్వీకరించు. మా తీరాన్నీ, దానిని నమ్ముకున్నవారినీ కాపాడు. ఆమీన్.