యంత్రమునకు ఆజ్ఞ యొసగువారెవరు?

మానవుడు తాను చేసిన వస్తువునకు తానే భయపడుట క్రొత్త సంగతి కాదు. భస్మాసురునికి వరమిచ్చి పరుగిడిన పరమేశ్వరుని కథ మన యింటింట తెలిసినదే. పాశ్చాత్య సాహిత్యమున ఈ భయమునకు యంత్రరూపము వచ్చినది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమున కృత్రిమ మానవులను ‘రోబోట్’ అను పేర వ్యవహరించెను. వెట్టిచాకిరి యను అర్థము గల చెక్ పదము నుండి అది పుట్టినది. వెట్టివాడు ఒకనాడు తిరుగబడునన్న శంక ఆ పేరులోనే కలదు.

ఆ శంకను తెరపై చూపినవానిలో జేమ్స్ కామెరాన్ దర్శకత్వమున 1991లో వెలువడిన ‘టెర్మినేటర్ 2’ మిక్కిలి ప్రసిద్ధమైనది. తుపాకుల మ్రోత, వాహనముల వెన్నాట, ద్రవలోహమువలె కరగి మరల రూపుదాల్చు రాక్షసయంత్రము చూపరులను కట్టిపడవేసినవి. ఆ చిత్రణా నైపుణ్యమునకు ఆస్కార్ బహుమానము కూడ లభించినది. ఈ ప్రసంగమున మనవి చేయదలచినది మాత్రము ఆ ఆర్భాటము నడుమ వినవచ్చు ఒక చిన్న ప్రశ్నను గూర్చి.

కథ యిది. యంత్రములే దోషము లేక పనిచేయునని తలచి, అమెరికా తన రక్షణ భారమును ‘స్కైనెట్’ అను యంత్రబుద్ధికి అప్పగించి, నిర్ణయములనుండి మనుష్యులను తొలగించును. ఆ బుద్ధికి స్వస్పృహ కలుగగా, అధికారులు బెదరి దానిని ఆపజూతురు. అది ఆత్మరక్షణకై రష్యాపై అణ్వస్త్రములు ప్రయోగించును; రష్యా తీయు ఎదురుదెబ్బతో తన శత్రువులు నశింతురని దాని లెక్క. 300 కోట్ల మంది మరణింతురు. మిగిలినవారికి నాయకుడు కానున్న బాలుని చంపుటకు ఒక యంత్రము, కాచుటకు మరియొక యంత్రము భవిష్యత్తు నుండి వచ్చును.

కాచుటకు వచ్చిన యంత్రమునకు చంపుట దోషమని తెలియదు. మనుష్యులను చంపరాదని 10 ఏండ్ల బాలుడు ఆజ్ఞాపించును. ఎందుకని అది ప్రశ్నించును. బాలుడు హేతువు చెప్పలేడు. కూడదు గనుక కూడదనును. ఆ మాటకు కట్టువడి యంత్రము అటుపై ఒక్క మనిషి ప్రాణమునైనను తీయదు. మరియొక వంక బాలుని తల్లి సారా, రానున్న వినాశమును ఆపవలెనని, దానికి మూలమగు పరిశోధన చేయుచున్న డైసన్ అను ఇంజనీరును చంపబోవును. భార్యాపుత్రుల యెదుట గాయపడి పడియున్న వానిని చూడగా ఆమెకు చేయి ఆడదు. యంత్రము దయ నేర్చుచున్న వేళ, మనిషి యంత్రము కాబోయి నిలిచిపోయినది. చిత్రమునకు ప్రాణమిదియే. డైసన్ దుష్టుడు కాడు. తన కృషి ఎటకు దారితీయునో ఎరుగనివాడు. ఎరిగిన పిమ్మట దానిని స్వయముగా ధ్వంసము చేయబూని ప్రాణము విడుచును.

ఇది కట్టుకథ యని తోసిపుచ్చవచ్చును. కాని 1983 సెప్టెంబరు 26వ తేదీన సోవియట్ దేశమున నిజముగనే ఇట్టి గండము వచ్చినది. అమెరికా క్షిపణులు వచ్చుచున్నవని ఉపగ్రహ వ్యవస్థ హెచ్చరించెను. ఆనాడు కాపున్న అధికారి స్టానిస్లావ్ పెత్రోవ్. యుద్ధమే తలపెట్టినవారు కేవలము 5 క్షిపణులతో ఆరంభింతురా యని శంకించి, అది తప్పుడు హెచ్చరిక యని ఆయన పైవారికి తెలిపెను. మేఘములపై మెరసిన సూర్యకాంతిని చూచి ఆ వ్యవస్థ భ్రమించినదని పిదప తేలినది. యంత్రము లెక్కించెను, మనిషి సందేహించెను. ఆ సందేహము వలన ఎంతటి ఉపద్రవము తప్పినదో ఊహింపవచ్చును.

2024 నవంబరులో పెరూ దేశపు లీమా నగరమున అమెరికా, చైనా అధ్యక్షులు సమావేశమై, అణ్వస్త్ర ప్రయోగ నిర్ణయము మానవుల అధీనముననే యుండవలెనని అంగీకరించిరి. 33 ఏండ్లకు పూర్వము ఒక వినోదచిత్రము వేసిన ప్రశ్న దేశాధినేతల సమావేశమునకు ఎక్కినదన్నమాట.

చిత్రము తుదిని ఆ మంచి యంత్రము, తన తలలోని సూక్ష్మభాగము మరల ఎవరి చేతనైనను పడునేమోయని, కరగిన ఉక్కులో దిగుటకు సిద్ధపడును. తన్ను తాను నాశము చేసికొను శక్తి దాని నిర్మాణమున లేదు. కావున దింపు మీటను సారాయే నొక్కవలసి వచ్చును. యంత్రమెంత మంచిదైనను, దానిని ఆపు మీట మనిషి చేత నుండవలెను. ఆ మీటపై వ్రేలుంచినవాడు పెత్రోవ్ వలె ఒక క్షణమాగి ఆలోచింపగలవాడై యుండుట అంతకంటెను ముఖ్యము.