ఆట పేరు ఆటగాళ్ల చేతిలో
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదులో చదువుకొనే పిల్లలు సెలవులకు వచ్చి పెయింట్‌బాల్ సంగతి చెబితే, "తుపాకులు పట్టుకొని అదేం ఆటరా?" అని పెద్దలు నొచ్చుకొంటున్నారు. ఇరువురికీ నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఈ ఆట 1981 జూన్‌లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో 12 మందితో మొదలైంది. చెట్లకు గుర్తు పెట్టే రంగు పిస్తోళ్లే వారి పనిముట్లు. గెలిచినవాడు ఒక్క గుండు కూడా పేల్చలేదు. ఎవరి కంటా పడకుండా జెండాలన్నీ సంపాదించాడు. అంటే ఓర్పు గలవాడిదే గెలుపన్నమాట. తెలిసిన ఆటగాళ్లు దాన్ని 'గన్' అనరు, గుర్తు పెట్టేది గనుక 'మార్కర్' అంటారు.

అలాగని ప్రమాదం లేదనను. జెలటిన్ పొరలో రంగు నింపిన ఆ గుండు సెకనుకు సుమారు 300 అడుగుల వేగంతో వస్తుంది. ఒంటికి తగిలితే కములుతుంది, కంటికి తగిలితే చూపే పోవచ్చు. సున్నపు బట్టీల ఊరివాళ్లం, కంటి విలువ మనకొకరు చెప్పాలా? మైదానంలో ఉన్నంతసేపూ ముసుగు తీయరాదు. ఆట ఆగగానే గొట్టానికి తొడుగు వేయాలి. దెబ్బ తగిలి చెయ్యెత్తినవాణ్ణి మళ్లీ కొట్టరాదు.

ఇక పరువు సంగతి. 2003లో అమెరికాలోని వర్జీనియాలో కొందరు ముస్లింలపై కేసు నడిచింది. వారి పెయింట్‌బాల్ యుద్ధ శిక్షణేనని ప్రభుత్వం వాదించింది. కొందరికి శిక్షలు కూడా పడ్డాయి. ఆడటం నేరమని కాదు, ఆట వెనుక ఉద్దేశాన్ని చూశారు. అందుచేత నాయనలారా, సైనికుల దుస్తుల్లో మార్కర్ పట్టుకొని ఫోటో దిగి, కింద బెదిరింపు మాటలు రాసి ఫోన్లలో పంపకండి. మీకది నవ్వులాట, చూసేవాడికి అనుమానం. ఒక్కడి చేష్టకు అందరినీ అనుమానించటం న్యాయం కాదు, నిజమే. కాని ఆ మాట పడేది ఇంటిల్లిపాదీ, జమాఅత్ అంతా.

ఆటలో పంతం చేరితే ఏమవుతుందో పల్నాటివాళ్లకు కొత్త కాదు. కోడిపందెం రాజ్యాల పోరుకు దారితీసిన కథ ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. ఓడినవాణ్ణి ఎగతాళి చేయకండి. పందెం కాయకండి, మనకది హరామ్.

నవ్వులాటకైనా తోటివాడిపై ఆయుధం చూపరాదని, ముఖంపై కొట్టరాదని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధించారు. ఈ ఆట తగునా అన్న సందేహం ఉన్నవారు ఉలమాలను అడగండి. ఆడేవారు మాత్రం మైదానం దాటాక మార్కర్‌ను సంచిలోంచి తీయరాదు. పెద్దలు గద్దించే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. పిల్లలూ, పెద్దలు చూస్తే సిగ్గుపడవలసిన పని ఏదీ చేయకండి.

అల్లాహ్ మన పిల్లలకు బలంతోపాటు అదబు కూడా ప్రసాదించుగాక. ఆమీన్.