గొంతులోని పైరు, కలుపు

మైక్రోఫోను ఎదుట కూర్చుండి బ్రతుకువారము గనుక, గొంతు కొంచెము బొంగురుపోయినను మాకు ఆందోళన కలుగును. అట్టి యొక ఉదయమున వైద్యుని అడుగకయే నాలుగు యాంటిబయాటిక్ మాత్రలు తెప్పించి మ్రింగుట మేమును చేసిన పనియే. అది ఎంతవరకు వివేకమో నేడు విచారింతము.

మన ముక్కును గొంతును అసంఖ్యాకములైన బాక్టీరియాకు నివాసములు. వానిలో అధికభాగము మనకు కీడు చేయవు. కొన్ని మేలే చేయును. స్ట్రెప్టోకాకస్ సాలివేరియస్ అనునది నోటను గొంతునను వసించును. దానిలో కొన్ని తెగలు, గొంతువాపు పుట్టించు తమ దాయాదియగు స్ట్రెప్టోకాకస్ పయోజినీస్‌ను అణచు పదార్థములను విడుచును. మరికొన్ని బాక్టీరియా చోటును ఆహారమును ముందే ఆక్రమించి క్రొత్తవానికి తావీయవు. పైరు దట్టముగా నున్న చేనిలో కలుపు పెరుగజాలదు గదా!

ఈ చేనిలో యాంటిబయాటిక్ ఏమి చేయును? 1928లో లండను సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో పెనిసిలిన్‌ను కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగు, 1929 నాటి తన వ్యాసమున ఒక ప్రయోగమును వివరించెను. గొంతునుండి తీసిన స్రావమును పెంపకపు పళ్లెములో పూసి పెనిసిలిన్ తగిలింపగా, స్టాఫిలోకాకస్, న్యూమోకాకస్ మొదలగునవి పెరుగలేదు. ఆ మందునకు లొంగని ఇన్‌ఫ్లుయెంజా బాసిల్లస్ మాత్రము పోటీ తొలగినందున చక్కగా పెరిగెను. మన గొంతులోను ఇట్లే జరుగవచ్చును. మందు శత్రుమిత్రులను ఎరుగదు. లొంగునది, లొంగనిది అను భేదమునే ఎరుగును.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై యుండగా, అచట డగ్గర్ కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. పెక్కు రకముల బాక్టీరియాను ఒక్కుమ్మడి అణచుట దాని ఘనత. అట్టి మందులు పైరును కూడ విస్తారముగా కోసివేయును.

సాధారణమైన జలుబునకు కారణము వైరస్. దానిని యాంటిబయాటిక్ ఏమియు చేయజాలదు. జలుబునకు ఆ మాత్ర మ్రింగినచో తెగులు పోదు, పైరు పోవును. మందునకు లొంగని తెగలు మిగిలి వృద్ధిపొందును, ఇంటిలో ఇతరులకును సోకును.

అట్లని ఈ మందులకు భయపడరాదు. పయోజినీస్ వలని గొంతువాపును ఉపేక్షించినచో, కొందరు పిల్లలకు కీళ్లవాతజ్వరము వచ్చి గుండె కవాటములు చెడును. అట్టియెడ పెనిసిలిన్ ప్రాణదాత. జ్వరము తగ్గెనని నడుమ మానక, వైద్యుడు వ్రాసినన్ని దినములు వాడవలెను. చాలీచాలని మోతాదు బాక్టీరియాను మందునకు అలవాటు చేయునని ఫ్లెమింగే 1945లో తన నోబెల్ ఉపన్యాసమున హెచ్చరించెను.

మా గొంతు మరల బొంగురుపోయినచో, ఆనాటి ప్రసంగమును సహోద్యోగికి అప్పగించి, ఉప్పునీరు పుక్కిలించి, రెండు దినములు మౌనము పాటింతుము. తగ్గకున్న వైద్యుని దర్శింతుము. మీరును, అలమారలో మిగిలిన మాత్రలను పిల్లవాని తుమ్మునకు వాడకుడు.