బడివారు ఇంటికి పోవు విద్య

(రావికమతమున ఉపాధ్యాయులను, బడి సిబ్బందిని ఉద్దేశించి చేసిన యుపన్యాసము)



పాఠము చెప్పు విధమును నేర్పుటకు మన దేశమున కళాశాలలున్నవి, గ్రంథములున్నవి, పరీక్షలున్నవి. పిల్లవాని యింటికి పోయి వాని తల్లితో మాటలాడు విధమును నేర్పుట కేమున్నది? ఈ ప్రశ్ననే మేము నేడు మీ ముందుంచ దలచితిమి. వినుటకు ఇది స్వల్పవిషయముగ దోచును. “తల్లితో మాటలాడుటకు శిక్షణమేల? నోరున్న ప్రతివాడును మాటలాడును గదా!” యని నవ్వువారు గలరు. నోరున్న ప్రతివాడును కూనిరాగము తీయును. అంతమాత్రమున వానిని గాయకుడని సభకు పిలువము.

ఈ ప్రశ్న నడుగుటకు రావికమతముకంటె దగిన చోటు మాకు గనబడలేదు. 2022 ఏప్రిలు 4వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి విడివడిన అనకాపల్లి జిల్లాలో ఈ మండలము పల్లమునకును కొండకును నడుమ నున్నది. ఇటు చెఱకు తోటలు, బెల్లపు వంటలు, కొత్తకోట వంటి పెద్ద గ్రామములు. అటు కల్యాణపులోవ జలాశయము దాటి చీమలపాడు దెసకు బోయినచో తూర్పుకనుమల యొడిలో చిన్న చిన్న గిరిజన గూడెములు. ఆ గూడెములవారు గిరిజనులే గాని వారు నివసించు నేల షెడ్యూల్డు ప్రాంతమున జేరలేదు. పాడేరు కొండలవానికి నేలను బట్టి చట్టమిచ్చిన రక్షణ ఈ కొండవానికి లేదు. పల్లమున తల్లిదండ్రులు చెఱకు నఱకుటకో యిటుకల బట్టీలకో పోయినచో పిల్లవాడు వారివెంట బోవును. కొండమీద పోడు పనుల దినములలో పెద్దపిల్ల చంటిబిడ్డను చూచుకొనుచు ఇంట నుండును. హాజరుపట్టికలో రెంటికిని ఒకటే గుర్తు: గైరుహాజరు. కారణము పట్టికలో దొరకదు; ఇంటికి బోయిననే దొరకును.

మన బడివాడు ఆ యింటి గుమ్మము నెప్పుడు త్రొక్కుచున్నాడు? చాలవఱకు కాగితము కావలసినప్పుడు. ఆధారు కావలెను, బ్యాంకు ఖాతా కావలెను, కులధ్రువపత్రము కావలెను, వ్రేలిముద్ర కావలెను. మేము ప్రభుత్వ పథకములను నిందించుట లేదు. 2020 జనవరి 9న ఆరంభమైన అమ్మ ఒడి గాని, 2025 జూనులో దాని స్థానమున వచ్చిన తల్లికి వందనము గాని పేద తల్లుల ఖాతాలలో ధనము జమచేసినవి. ఆ ధనముతో చెప్పులు కొన్న పిల్లలున్నారు, అప్పు దీర్చిన యిండ్లున్నవి. కాని దీనివలన మఱొక ఫలితముగూడ గలిగినది. ఉపాధ్యాయుడు తల్లి దృష్టిలో సగము గుమాస్తా యయ్యెను. డబ్బు పడని తల్లి మొదట కోపపడునది ఆయనమీదనే.

కొండవారి విషయమున ఈ కాగితమునకు పాతచరిత్ర యున్నది. ఆ తరముల గిరిజనులు ప్రభుత్వమును చూచినది అటవీశాఖ కావలివాని రూపమున, పన్ను పుచ్చుకొనువాని రూపమున. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను రోడ్ల పనికి మన్నెపువారిని ఎట్లు వాడుకొనెనో, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై అల్లూరి సీతారామరాజు దళము పడుటకు ఆ క్రౌర్యమెంత కారణమో ఈ సభలో చెప్పబనిలేదు. నూరేండ్లు గడచినవి. అయినను చేత కాగితములు పట్టుకొని చెప్పులతో ముంగిట నిలిచి “పేరేమి? వయస్సెంత?” యని యడుగు మనిషిని జూచి గూడెమున ఆడువారు లోపలికి పోవుదురు. ఆ మనిషి బడిపంతులైనను సరే!

చట్టము ఈ పనిని ఉపాధ్యాయునకు అప్పగించియే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 24వ సెక్షను ప్రకారము తల్లిదండ్రులతో క్రమముగ సమావేశమై పిల్లల హాజరును, అభ్యాసమును, అభివృద్ధిని తెలుపుట ఉపాధ్యాయుని విధి. 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున మూడువంతులకు తక్కువ గాకుండ తల్లిదండ్రులో సంరక్షకులో యుండవలెను; సగము స్త్రీలు కావలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఇంకొక యడుగు ముందుకు వేసి, బడులతో సంబంధము గల సుశిక్షిత సాంఘిక కార్యకర్తలు తల్లిదండ్రులతో నిరంతరము పనిచేయవలె ననెను. ఉపాధ్యాయులకు ఏటేట 50 గంటల వృత్తిశిక్షణము కావలె ననెను. విధి విధింపబడినది. నేర్పువా రెవరు? ఆ 50 గంటలలో ఇంటి గుమ్మమునకు ఎన్ని గంటలు?

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతట ఒకేదినమున తల్లిదండ్రుల మహాసమావేశములు జరిగినవి. 2025 జూలై 10న మఱల జరిగినవి. బడి ముంగిట ముగ్గులు, తోరణములు, భోజనములు. తల్లులు కొత్తచీరలు కట్టుకొని వచ్చిరి. ఇది మంచిదే, బడి తమదని తల్లి యొకదినమైన ననుకొనును. కాని కూలి మానుకొని రాలేని తల్లి ఆనాడు రాలేదు. వచ్చినను పదిమంది యెదుట తన బిడ్డ వెనుకబడినాడని వినుటకు ఇష్టపడక వెనుకవరుసలో గూర్చున్న తల్లి యున్నది. మన కావశ్యకమైనది ఆమెతో మాట. అది మైకులో సాగు మాట కాదు.

ఆ మాట ఎట్లుండునో కొంచెము వివరముగ జెప్పెదము. ఈ యుపన్యాసమున ముఖ్యభాగ మిదియే.

ఏడవ తరగతి పిల్లవాడు మూడువారములుగ బడికి రాలేదనుకొనుడు. శిక్షణము లేని మనవాడు పోయి ముంగిట నిలిచి, “ఏమమ్మా, మీవాడిని బడికి పంపవేమి? డబ్బు మాత్రము కావలెనా?” యనును. ఆమె, “నానేటి సెప్పగలను మాస్టారూ, గుంటడు నా మాట ఇనడు” అనును. ఆయన కాగితమున “తల్లిదండ్రుల అశ్రద్ధ” యని వ్రాసికొని వచ్చును. పని ముగిసెను! ఈ మూడు మాటలలో ఎన్ని తప్పులున్నవో చూడుడు. ఆయన పగటివేళ పోయెను. ఆమె పనికి బోవు తొందరలో నుండెను. పొరుగువారు వినుచుండగ అడిగెను. ఆమె నిజము చెప్పలేదు. ప్రశ్నలో నింద యుండెను. జవాబులో దాపరికము వచ్చెను. కొడుకు మాట వినడనుట ఆమె గౌరవముగ తలుపు మూయు విధము. లోపలి సంగతి వేఱు కావచ్చును. తండ్రి జబ్బుపడి యుండవచ్చును. పిల్లవాడు తరగతిలో అక్షరము కూడబలుకలేక అవమానపడి మానివేసి యుండవచ్చును. అప్పుడు అశ్రద్ధ ఎవరిది?

శిక్షణము పొందినవాడు పోవు తీరు వేఱు. పిల్లవాడు బడి మానకముందే, చెడ్డవార్త యేదియు లేనప్పుడే ఆయన ఒకసారి ఆ యింటికి పోయి యుండును. పోవుటకు ముందు కబురు పంపి, పని ముగించి వచ్చు సాయంకాలమో సంత లేని యాదివారమో చూచుకొనును. “కూర్చోండి బాబూ” యని పీట వేసినచో కూర్చుండును. ఇచ్చిన నీళ్లు త్రాగును. ఈ నీళ్ల సంగతి చిన్నది కాదు. ఏ కులపు ఇంటిలో ఎవరు నీళ్లు త్రాగుదురో ఊరంతయు చూచుచుండును; బడిపంతులు త్రాగక వచ్చినచో తరువాత ఎన్నిసార్లు పోయినను ఆ గుమ్మము తెఱువబడదు. ఆయన మొదట పిల్లవానిలో తాను చూచిన మంచిని ఒకదానిని చెప్పును. కల్పించినది కాదు, చూచినది. తరువాత అడిగి ఊరకుండును. ఊరకుండుట నేర్చుట మన వృత్తివారికి మిగుల కష్టమని మా యనుభవము. దినమంతయు మాటలాడుటయే మన పని గదా. ఇంట విన్నమాటను ఆయన ఉపాధ్యాయుల గదిలో పరిహాసమునకు వాడుకొనడు.

తెలివిగూడ కావలెను, మర్యాద యొక్కటే చాలదు. పుట్టినతేదీ పత్రము లేని బిడ్డను బడిలో జేర్చుకొనక త్రిప్పిపంపుట విద్యాహక్కు చట్టము 14వ సెక్షనుకు విరుద్ధమని ఎందఱు బడివారికి దెలియును? ఆ పత్రము ఆలస్యముగ పొందు దారి ఏ కార్యాలయమునుండి ఏ కార్యాలయమునకు బోవునో చెప్పగలవా రెందఱు? పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి యత్నము జరుగుచున్నదని తెలిసినచో ఎవరికి చెప్పవలెనో, 1098 సంఖ్యకు చెప్పిన పిదప ఆ యింటితో సంబంధము తెగకుండ ఎట్లు నిలుపుకొనవలెనో? పిల్లపై లైంగిక దౌర్జన్యము జరిగినదని తెలిసినచో 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము ఫిర్యాదు చేయకుండుట నేరము. “ఎవరికిని చెప్పను” అని మాట యిచ్చు దయగల ఉపాధ్యాయుడు తెలియక తప్పు చేయును. తన చేతిపని ఎచ్చట ఆగునో, ఎవరికి అప్పగింపవలెనో తెలియుట ఈ శిక్షణములో సగభాగము.

ఇట్టివి మనవారు చేయలేదా? చేసిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు సవరల భాషను వారి నోటనే నేర్చెను, ఆ భాషలో పుస్తకములు వ్రాసెను, సవర పిల్లలకు బడులు పెట్టెను. ఆయన సవర భాషా గ్రంథము 1931లో వెలువడెను. (వ్యావహారికమునకై పోరాడిన ఆయనను మేము ఈ భాషలో స్మరించుట చూచి ఆయన నవ్వియుండును.) ఇంటివారి మాట తెలియని బడి ఇంటిని చేరలేదని ఆయన గ్రహించెను. రాష్ట్ర ప్రభుత్వము 2004 ప్రాంతమున కువి, కొండ, సవర మొదలైన ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మారంభించినది ఆ దారిలోనే.

మఱొకటి మన కాలపుది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో నెలకొనిన యెం. వి. ఫౌండేషను, శాంతా సిన్హాగారి నాయకత్వమున 1991నుండి రంగారెడ్డి జిల్లాలో పనికిపోవు పిల్లలను బడికి దెచ్చుటకు పూనుకొన్నది. ఆ పని కంతటికి పునాది ఒక్క నమ్మకము: పేద తల్లిదండ్రులకు చదువుపై కోరిక లేదనుట అబద్ధము, దారి తెలియక, బడివారి యెదుట భయపడి వారు వెనుదీయుచున్నారు. కార్యకర్తలు ఇల్లిల్లు తిరిగి ఇదియే పరీక్షించి చూచిరి. 1997లో ప్రభుత్వోపాధ్యాయులే బాలకార్మిక విముక్తికై వేదిక నేర్పరచుకొనిరి. శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే బహుమానము వచ్చినది. మనకు ముఖ్యమైనది, ఉపాధ్యాయుడు ఇంటికి పోవుటను దయాదాక్షిణ్యముగ గాక పనిగా నేర్చుకొన్నాడనుట.

విదేశముల సంగతియు కొంచెము. అమెరికాలో 1906, 1907 నాటికే న్యూయార్కు, బోస్టను, హార్ట్‌ఫర్డు పట్టణములలో ఇండ్లకు పోవుటకే ప్రత్యేకముగ ఉపాధ్యాయినులను నియమించిరి. 1998లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరమున తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘమువారు కలిసి ఆరంభించిన గృహసందర్శన పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. ఇద్దరిద్దరుగ పోవుదురు. ముందు శిక్షణము పొందుదురు. వెళ్లిన గంటలకు వేతన మిత్తురు. అల్లరి పిల్లల యిండ్లకే పోవుట నిషిద్ధము; అట్లు పోయినచో పంతులు వచ్చెనన్న వార్తయే అవమానమగును. మొదటిమారు పోయినప్పుడు ఫిర్యాదు లేదు, కాగితము లేదు. బిడ్డపై మీ ఆశ యేమని యడుగుదురు. అంతియే.

ఇక శిక్షణ మెవరికి? ఉపాధ్యాయులకు మాత్రమే యని మేమనము. ఏ పిల్ల రెండుసార్లు అన్న మడుగుచున్నదో మధ్యాహ్న భోజనము వండు తల్లికి దెలిసినంత ప్రధానోపాధ్యాయునకు దెలియదు. ఆయమ్మ ఊరిలోనిదే, అంగనవాడి కార్యకర్త ఆ బిడ్డను మూడేండ్ల వయస్సునుండి యెఱుగును. వీరు కొండ యింటిలో మాటలాడు భాషను ఎఱిగినవారు గూడ. వీరిని సమావేశములకు కుర్చీలు వేయుటకు పిలుచుచున్నాము. ఉపాధ్యాయునితో జతగా పోవుటకు, శిక్షణములో ఆయన ప్రక్కన గూర్చుండుటకు, పోయిన పూటకు వేతనము పుచ్చుకొనుటకు పిలువవలెను. వసతిగృహముల సంరక్షకులును ఈ లెక్కలోనివారే. ఇంటినుండి దూరముగ నున్న బిడ్డ తల్లికి వారే బడి.

“మా కిప్పటికే పని యెక్కువ” యని మీలో కొందఱు మనస్సున ననుకొనుచున్నారు, అది నిజము. ఒకప్పుడు మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీసి పంపుటగూడ ఉపాధ్యాయుని విద్యయే యయ్యెను! ఏకోపాధ్యాయ పాఠశాలవాడు గూడెమునకు బోయినచో తరగతి నెవరు చూతురు? కాబట్టి ఈ పనికి వేళ కేటాయింపనిదే శిక్షణ మిచ్చుట వంచన యని మేమందుము. విద్యాహక్కు చట్టము 27వ సెక్షను జనగణన, ఎన్నికలు, విపత్తుల పనులు తప్ప విద్యేతర కార్యములకు ఉపాధ్యాయుని వాడరాదన్నది. దానిని పాటించి మిగిలిన గంటలలో కొన్నిటిని ఇండ్లకు ఇచ్చినను చాలును.

క్రొత్త భవనములు అక్కఱలేదు. భీమునిపట్టణమున జిల్లా విద్యాశిక్షణ సంస్థ యున్నది. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సాంఘికసేవాశాఖ యున్నది. అచ్చటి విద్యార్థులకు క్షేత్రానుభవము కావలెను, మీకు వారి విద్య కావలెను. స్కూలు కాంప్లెక్సు సమావేశములున్నవి. రాబోవు సమావేశమున ఒక పూట పాఠ్యప్రణాళికను ప్రక్కకు బెట్టి, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక వంట తల్లి, ఒక యంగనవాడి కార్యకర్త కూడి, మూడువారములు బడికి రాని పిల్లవాని తల్లితో మాటలాడు విధమును మీలో మీరే తల్లియు పంతులునై అభ్యసించి చూడుడు. తల్లి వేషము వేయువారు వంట తల్లియే కావలెనని మా కోరిక. ఆమె చెప్పు జవాబులు మీరనుకొన్నట్లుండవు. తరువాతి యాదివారమున చీమలపాడు దెస గూడెమునకు ఇద్దరు పోవుడు. కాగితములు బడిలోనే యుంచి పోవుడు.