పంచుకొనెడి ఫైళ్ళు

గద్వాల సీమలో గట్టు మండలపు రైతుకు విత్తనమనగా నేమో ఒకరు చెప్పనక్కరలేదు. పత్తి విత్తనపు సేద్యమునకు ఆ ప్రాంతము పేరు పొందినది. కంప్యూటరు లోకములో కూడ విత్తువారు కలరనియు, వారిని ‘సీడరు’లందురనియు చెప్పినచో అక్కడివారికి మా ప్రసంగము సగము బోధపడినట్లే. ఒక ఫైలును పలువురు తమలో తాము నేరుగా పంచుకొను పద్ధతిని ఈ పూట పరిచయము చేయ సంకల్పించినాము.

సాధారణముగా మనము ఇంటర్నెట్టునుండి ఒక పుస్తకమును దింపుకొనునప్పుడు, ఎక్కడనో ఉన్న ఒక పెద్ద కంప్యూటరు దానిని మనకు పంపును. దానినే సర్వరందురు. ఫైలు 100 మెగాబైట్లనుకొందము. నలుబది ఇండ్లవారు అడిగినచో ఆ ఒక్క సర్వరే 4,000 మెగాబైట్లు మోయవలెను. ఊరంతటికి ఒకే చేదబావి యున్నట్లు. అమెరికా దేశస్థుడు బ్రామ్ కోహెన్ 2001లో వెలువరించిన బిట్‌టారెంట్ పద్ధతిలో ఈ భారము పంపకమగును. ఫైలును తునకలు చేయుదురు. మా యింట మొదటి తునకయు మీ యింట ఏడవదియు ఉన్నచో ఒకరికొకరము ఇచ్చుకొందుము. దింపుకొనువారే ఇచ్చువారును అగుదురు. అందరివద్దను అరుదుగా నున్న తునకను ముందుగా తెచ్చుకొనుట ఇందలి నేర్పు. లేనిచో అది కలిగిన ఒక్కరు కంప్యూటరు ఆపి వెళ్ళిననాడు అందరి ఫైళ్ళును కొరతతో నిలిచిపోవును.

ఇట్టి కూర్పు గద్వాల సీమకు క్రొత్త కాదు. ఆ సీమవారే అయిన సురవరం ప్రతాపరెడ్డిగారు, తెలంగాణములో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానముగా, ఊరూరినుండి పద్యములు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. ఏ ఒక్కరివద్దను మొత్తము గ్రంథము లేదు. తునకలు చేరగా గ్రంథమైనది. అయితే అచట అన్నియు ఒక్క సంపాదకుని బల్లమీదికి రావలసియుండెను. ఇచట ఆ బల్లయే లేదు.

మరి తప్పొప్పులు చూచువారెవరు? ప్రతి తునకకును గణితముచే ఏర్పడిన ఒక ముద్ర యుండును. దానిని హ్యాష్ అందురు. వచ్చిన తునక ముద్రతో సరిపడనిచో సాఫ్ట్‌వేరు దానిని పారవేసి మరియొకరి నడుగును. కాని ముద్ర సరిపోయినదన్న, మొదట విత్తినవాడు పెట్టినదే మనకు చేరినదని మాత్రమే అర్థము. వాడు పెట్టినది పుచ్చు విత్తైన, పుచ్చే చేరును. కనుక ఎవరు విత్తినారో చూచుకొనుట మొదటి జాగ్రత్త.

ప్రారంభించువారు క్యూబిట్‌టారెంట్, ట్రాన్స్‌మిషన్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరును దాని స్వంత సైటునుండియే తెచ్చుకొనవలెను. పిదప ఇంటర్నెట్ ఆర్కైవులో ఒక పుస్తకపు పుట తెరచిన, దింపుకొను మార్గములలో టారెంటు కూడ కనబడును. ఆ చిన్న ఫైలును సాఫ్ట్‌వేరుతో తెరచి, పుస్తకమును ఎచట దాచవలెనో చూపిన చాలును. దిగిన వెంటనే మూసివేయక కొంతసేపు విత్తుచుండుట మర్యాద. మొబైలు డేటా వాడువారు మాత్రము పంపుటకు ఒక హద్దు పెట్టుకొనవలెను. పంపినదియు డేటా లెక్కలోనికి వచ్చును. మన ఐపీ చిరునామా తోడి పంపకపువారికి కనబడునని కూడ ఎరుగవలెను.

ఇక అసలు చిక్కు. ఈ పద్ధతి పేరు చెప్పగానే పలువురికి క్రొత్త సినిమా స్ఫురించును. పద్ధతి నేరము కాదు. కాని అనుమతి లేని సినిమాను టారెంటులో దింపుకొనువాడు, దింపుకొనుచునే ఇతరులకు పంచువాడును అగును. తెలిసి హక్కు నుల్లంఘించినవారికి 1957 నాటి కాపీరైటు చట్టము 63వ సెక్షను ఆరు నెలలనుండి మూడేండ్ల వరకు ఖైదు చెప్పుచున్నది. పిల్లవాడేదో చూచుకొనుచున్నాడులే అనుకొను పెద్దలు ఈ సంగతి విచారింపవలెను.

ఏవి పంచుకొనవచ్చును? మన దేశములో రచయిత మరణించిన సంవత్సరము ముగిసిన పిదప 60 ఏండ్లకు రచనపై హక్కు తీరును. ప్రతాపరెడ్డిగారు 1953లో కాలధర్మము చెందిరి. కావున ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 2014 జనవరి 1 నుండి అందరి సొత్తు. గోలకొండ కవుల సంచిక సంగతి వేరు; అందలి ప్రతి కవికిని వేర్వేరుగా లెక్క చూడవలెను. ఇక డెబియన్, ఉబుంటు, లిబ్రెఆఫీస్ వంటివానిని వాని కర్తలే టారెంట్లుగా ఇచ్చుచున్నారు. తొలి ప్రయత్నమునకు లిబ్రెఆఫీస్ అనువైనది. పరిమాణము కొన్ని వందల మెగాబైట్లే. తెలుగు వ్రాతకును పనికివచ్చును.