డిస్కు మూగవోయినచో దోషమెవ్వరిది?

ఇంటిలో రేడియో హఠాత్తుగా మూగవోయినచో మనకు మొదట కోపము వచ్చునది ప్రసార కేంద్రము మీదనే. "ఈ పూట స్టేషను సరిగా లేదు" అని విసుగుకొందుము. ఇంతలో పొరుగింటి రేడియో చక్కగా పాడుచుండుట వినవచ్చును. అప్పుడు ఏరియలు తీగ సవరింతుము, ప్లగ్గు కదలించి చూతుము. కడకు బ్యాటరీ అయిపోయినదని తేలును. లోపము ఒకచోట, నింద వేరొకచోట. ఈ అనుభవము లేని శ్రోత ఉండడు. మా కేంద్రములోనే ఇట్టి సంగతి యొకటి జరిగినది. అందులో నింద పడబోయినది ఒక హార్డ్ డిస్కు మీద. ఆ నిందను నమ్మియున్నచో కొన్ని వందల గంటల గానమును, వాక్కును మా చేతులతో మేమే చెరిపివేసి యుందుము. ఆ వృత్తాంతమును శ్రోతలకు మనవి చేయదలచినాము. ఏలయనగా అట్టి డిస్కు నేడు అనేకుల యిండ్లలో కలదు. పెండ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, గతించిన పెద్దల కంఠములు అందులోనే దాగియున్నవి.

మా శబ్ద భాండారమునందు పాత టేపు చుట్టలు పెక్కు కలవు. అంగుళములో నాలుగవ వంతు వెడల్పుగల ఆ టేపులలో కొన్నిటి పూత కాలక్రమమున జిగురుకట్టి, యంత్రము మీద తిరుగునపుడు రాలిపోవుచుండును. కావున వాటిని ఒక్కొక్కటిగా పలికించుచు కంప్యూటరు ద్వారా ఒక బాహ్య డిస్కులోనికి ఎక్కించుచుంటిమి. సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 24 బిట్లు, రెండు చానెళ్లు. ఈ లెక్కన ఒక గంట ధ్వనికి రమారమి 1 గిగాబైటు చోటు పట్టును. 2 టెరాబైట్ల డిస్కు దాదాపు సగము నిండినది. కొన్ని చుట్టలు ఒక్కసారి మాత్రమే పలికి, పిమ్మట పనికిరాకుండ పోయినవి. ఆ కంఠములకు ఈ డిస్కు తప్ప వేరు నిలయము లేదు. రెండవ ప్రతి తీయవలెనని అనుకొనుచునే దినములు గడిపితిమి. ఆ తప్పు మాదే.

ఒకనాటి సాయంకాలము ఒక హరికథ చుట్టను ఎక్కించుచుంటిమి. కథ ముగింపునకు వచ్చుచున్న సమయమున తెర మీది డిస్కు గుర్తు మాయమైనది. మరల వచ్చినది, మరల పోయినది. మూడవసారి వచ్చినపుడు కంప్యూటరు ఒక ప్రశ్న వేసినది: ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెను, చేయమందురా? మాలో ఒక యువమిత్రుని వేలు అప్పటికే మౌసు మీద నున్నది. "ఆగవయ్యా!" అని పెద్దవారొకరు అతని చేయి పట్టుకొనిరి.

ఆ ప్రశ్నకు అర్థమేమో ముందుగా గ్రహింపవలెను. డిస్కు చెడినదని దాని అర్థము కాదు. "డిస్కు మీది విషయసూచికను నేను చదువలేకపోతిని" అని మాత్రమే అర్థము. ఏల చదువలేకపోయినదో దానికి తెలియదు. ఔనని మనము ఆజ్ఞ ఇచ్చినచో, ఉన్న సూచికకు మారుగా ఖాళీ సూచిక నొకటి వ్రాసి ఊరకుండును. కావున కారణము తేలువరకు ఆ ప్రశ్నకు కాదనియే జవాబు.

డిస్కునకును మనకును నడుమ ఎందరున్నారో చూతము. పెట్టెలో డిస్కు కలదు. దానిని అంటి ఒక చిన్న చిప్పు కలదు. అది సాటా అను డిస్కు భాషను యు.యస్.బి. భాషలోనికి మార్చును. తరువాత తీగ. ఆ తీగ కొన కంప్యూటరునకు కాక హబ్బునకు తగిలింపబడియుండవచ్చును. హబ్బు అనగా ఒక ద్వారమును నాలుగైదు ద్వారములుగా పంచిపెట్టు చిన్న పెట్టె. అక్కడినుండి మరియొక తీగ, ఆపై కంప్యూటరులోని కంట్రోలరు. ఇంతవరకు కంటికి కనబడు వస్తువులు. వీటిపైన కంటికి కనబడని డ్రైవర్లు కలవు. ఇచట డ్రైవరు అనగా బండి తోలువాడు కాడు. దుబాసి యని చెప్పుట తగును. కంట్రోలరుకొక దుబాసి, హబ్బుకొకడు, డిస్కు పెట్టెకొకడు, డిస్కుకొకడు. ఒక్కొక్కనికి తన ప్రక్కవాని మాట మాత్రమే తెలియును. "ఫలానా చోటనున్న అక్షరములు తెమ్ము" అను మన అర్జీ వీరి చేతులు మారుచు క్రిందికి పోవును. జవాబు అదే త్రోవను పైకి రావలెను.

జవాబు రానిచో ఏమగును? పైనున్న దుబాసి కొంతసేపు వేచియుండును. లినక్సు పద్ధతిలో డిస్కు డ్రైవరు సాధారణముగా 30 సెకనులు ఓర్చును. పిమ్మట ఆ పనిని రద్దుచేయ జూచును. డిస్కు పెట్టెను మరల మొదటినుండి లేవనెత్త జూచును. ఏదియు ఫలింపనిచో "ఫలానా సెక్టారు చదువుటలో దోషము" అని చిట్టాలో వ్రాసి చేతులు దులుపుకొనును. సెక్టారు సంఖ్యను చూచి, డిస్కునందు ఆ చోటు చెడినదని మనము తలంతుము. త్రోవ తెగిన క్షణమున అడిగిన సెక్టారు అది, అంతమాత్రమే. వంతెన కూలిన దినమున అందని ఉత్తరము మీది చిరునామా వంటిది; చిరునామా తప్పు కాదు, ఆ ఇల్లు పడిపోలేదు.

కావున సంఖ్య నొకదానిని చూచి భయపడక చిట్టా యంతయు చదువవలెను. విండోస్ యంత్రములలో ఈ చిట్టాకు ఈవెంట్ వ్యూయర్ అని పేరు. అందు సిస్టమ్ అను అధ్యాయము చూడవలెను. 153 అను సంఖ్య కనబడినచో ఒక పనిని మరల ప్రయత్నింపవలసి వచ్చినదని అర్థము. 129 అనగా పరికరమును మరల లేవనెత్తిరని. 157 అనగా డిస్కు చెప్పకుండ ఊడిపోయినదని. 7 అనగా డిస్కు మీద చెడిన చోటు కలదని. మా చిట్టాలో 129, 157 పదేపదే కనబడినవి. 7 ఒక్కటియు లేదు. లినక్సు వాడు ఇండ్లలో కెర్నెల్ చిట్టా చూడవలెను. అందు యు.యస్.బి. పరికరమును రీసెట్ చేసితిమని కంట్రోలరు డ్రైవరు పేరుతో పంక్తులు వచ్చును. మైనస్ 71 అనగా సంభాషణ నియమము తప్పినదని, మైనస్ 110 అనగా వేచి వేచి కాలము మించినదని అర్థము. ఇవి వరుసగా కనబడినచో డిస్కుకంటె ముందు త్రోవను అనుమానింపవలెను.

మేము మొదట చేసిన పని కంప్యూటరును ఆపి, హబ్బును తొలగించి, డిస్కును పొట్టి తీగతో యంత్రము వెనుకనున్న ద్వారమునకు నేరుగా తగిలించుట. డిస్కు లేచినది, సూచిక చదువబడినది, పేరులన్నియు తెర మీదికి వచ్చినవి. అప్పుడు పరిశోధనకు పోలేదు. మొదట మరియొక డిస్కు తెచ్చి, ఉన్నదంతయు ప్రతి తీసితిమి. తెల్లవారుజాము వరకు ఎవరును ఇంటికి పోలేదు. ప్రాణము దక్కిన పిమ్మటనే రోగనిర్ణయము.

అటుపై డిస్కు తన ఆరోగ్యమును గురించి తాను వ్రాసికొను స్మార్ట్ అను పట్టికను చూచితిమి. అందు 5వ అంకము చెడిన చోట్లకు బదులుగా వేరు చోట్లు కేటాయించిన సంఖ్యను, 197వ అంకము అనుమానాస్పదమైన చోట్ల సంఖ్యను తెలుపును. రెండును సున్నలే. డిస్కు నిర్దోషియని దాదాపు తేలినది. (కొన్ని పెట్టెలలోని చిప్పులు ఈ పట్టికను బయటికి రానీయవు.)

తరువాత హబ్బును చూచితిమి. దాని అడాప్టరు లేదు. ఎవరో మరియొక పనికై తీసికొనిపోయిరి. యు.యస్.బి. 2.0 ద్వారము 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ద్వారము 900 మిల్లీ ఆంపియర్లు ఇచ్చుట నియమము. రెండున్నర అంగుళముల చిన్న డిస్కునకు వేరు విద్యుత్తు లేదు. తీగ ద్వారా వచ్చునదే దాని ఆహారము. చక్రము తిరుగుట ప్రారంభించు క్షణమున అది రమారమి 1 ఆంపియరు కోరవచ్చును. మేము అట్టివి మూడింటిని ఒకే ద్వారము ఇచ్చు విద్యుత్తు మీద బ్రతికించుచుంటిమి! ఒకటి లేచినపుడెల్ల మరియొకటి సొమ్మసిల్లుట వింత కాదు. అడాప్టరు తెచ్చి తగిలించితిమి. పని నడుచుచుండగా డిస్కులు ఊడిపోవుట ఆగినది.

కాని కథ అంతటితో ముగియలేదు. భోజన విరామము తరువాత వచ్చి చూడగా డిస్కు మరల కనబడలేదు. పనిలో నుండగా పోనిది, విశ్రాంతిలో ఏల పోయినది? ఇది డ్రైవరు సంగతి. విద్యుత్తు ఆదా కొరకు డ్రైవరు కొంతసేపు పనిలేని హబ్బును నిద్రపుచ్చును. మేల్కొలిపినపుడు అన్ని హబ్బులును, అన్ని పెట్టెలును సరిగా లేవవు. డివైస్ మేనేజరునందు యు.యస్.బి. రూట్ హబ్ అను పరికరము క్రింద, విద్యుత్తు ఆదాకై దీనిని ఆపివేయుటకు అనుమతి నిచ్చు గుర్తు కలదు, దానిని తీసివేసితిమి. పవర్ ఆప్షన్లలోని సెలెక్టివ్ సస్పెండ్ అను ఏర్పాటును కూడ నిలిపివేసితిమి. వారము దినములు చిట్టా చూచితిమి. 129 లేదు, 157 లేదు. రెండు దోషములు ఒకే ముసుగు వేసికొని వచ్చినవి. ఒక్కసారి ఒక్క మార్పే చేసితిమి గనుక వేరుపరచగలిగితిమి. అన్నియు ఒకేసారి మార్చియున్నచో ఏది మందో ఏది పథ్యమో తెలియకుండెడిది.

డ్రైవరు మట్టమున మరియొక చిక్కు కలదు. నూతనపు పెట్టెలలో పెక్కు యు.ఎ.యస్. అను కొత్త పద్ధతిలో మాటలాడును. అందు అనేక అర్జీలు ఒకేసారి పోవును. పాత పద్ధతిలో ఒకటి ముగిసిన పిమ్మటనే మరియొకటి. కొన్ని చిప్పులు కొత్త పద్ధతి వచ్చునని చెప్పుకొనియు, అందు తడబడును. అట్టి పెట్టె విషయమున పాత పద్ధతినే వాడుమని లినక్సు డ్రైవరునకు ముందుగా చెప్పి ఉంచవచ్చును. వేగము కొంత తగ్గును, నిలుకడ వచ్చును.

ఇక డిస్కే దోషి యైన సందర్భములు లేవని మా భావము కాదు. నేరుగా తగిలించినను, తీగ మార్చినను, అవే సెక్టార్లు మరల మరల తప్పుచున్నచో, 197వ అంకము పెరుగుచున్నచో డిస్కు నిజముగా జబ్బుపడినది. అప్పుడు మరమ్మతు ఆజ్ఞలు ఇయ్యక, డి.డి.రెస్క్యూ వంటి సాధనముతో ప్రతి తీయవలెను. అది బాగున్న భాగములను ముందుగా తీసికొని, చెడిన వాటిని కడపటికి విడుచును. లోపల టక్కు టక్కుమను చప్పుడు వినబడినచో వెంటనే విద్యుత్తు ఆపి, నిపుణునకు అప్పగించుట మేలు.

మా నష్టమును కూడ దాచకుండ చెప్పవలెను. ఆనాటి హరికథ ఆగినచోటు వరకు దక్కినది. చివరి ఏడు నిమిషములు దక్కలేదు. చుట్టను మరల పెట్టి చూచితిమి. పూత రాలిపోయి ఉత్త హోరు మాత్రమే వినబడినది. ఆ కథను ప్రసారము చేసినపుడు మంగళము లేకుండగనే ముగింపవలసి వచ్చినది. ముగింపు విననైతిమని ఉత్తరములు వ్రాసిన శ్రోతలకు ఇదియే మా సమాధానము.

నేడు మా గదిలో ప్రతి ధ్వనికి రెండు డిస్కులు కలవు. ఒకటి వేరొక భవనములో నుండును. హబ్బు అడాప్టరు మీద "తీయరాదు" అని కాగితము అంటించితిమి. మీ యింటి డిస్కు మూగవోయినచో దానిమీద కోపింపకుడు. ఫార్మాటు చేయమందురా యని అడిగినచో వలదనుడు. నేరుగా తగిలించి చూడుడు. మాట వినవచ్చిన వెంటనే ప్రతి తీసికొనుడు. దోషి ఎవ్వరో తరువాత తీరికగా వెదకవచ్చును.